విటమిన్ బిళ్ళ చేతిలో పెట్టి, బోరు నీళ్ళ లెక్క అడగొద్దంటరా?

ఇంద్రేశం, బచ్చుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప దిక్కు అన్నలారా, అక్కలారా, ఈ పోస్టు పొడుగుంటది. పొలం పని అయినంక తీరికగ సదువుండ్రి, కానీ తప్పకుండ సదువుండ్రి. ఇది మన గుండె ముచ్చట, మన జేబు ముచ్చట కూడా.

ఈ మధ్య మన ఊర్లల్ల రెండు రకాల మనుషులు తిరుగుతున్నరు. ఒకళ్ళు బ్యాగు ఏసుకొని ఇంటింటికి వచ్చి డబ్బాలు అమ్మేటోళ్ళు. "మీ దిక్కు నీళ్ళల్ల లోహాలున్నయి, అవి గుండెను తింటయి, ఈ యాంటీఆక్సిడెంట్ వాడితే లోహం మిమ్మల్ని ఏం చెయ్యదు" అంటరు. ఇంకొకళ్ళు మెడికల్ క్యాంపులు పెట్టేటోళ్ళు. టెంటు ఏస్తరు, బీపీ చూస్తరు, ఫొటోలు దిగుతరు, పోయేటప్పుడు చేతిలో ఒక విటమిన్ స్ట్రిప్పు పెడ్తరు. వీళ్ళ పేర్లు నేను రాస్తలేను. పేరుతోని పని లేదు, ఆ మాటతోనే పని ఉంది.

ముందు ఒక్కటి గమనించుండ్రి. మన నీళ్ళు ఖరాబయినయని ముప్పై ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నం. కోర్టుల చుట్టు తిరిగినం. ఎవ్వరూ సూటిగ అవునని అనలే. డబ్బా అమ్మేటోడు మాత్రం గడప దాటకముందే "మీ నీళ్ళల్ల విషం ఉంది" అని ఒప్పేసుకుంటున్నడు! విషం ఉందని ఒప్పుకుంటే సరుకు అమ్ముడుపోతదంటే సత్యం ఎంత తొందరగ బయటికొస్తదో చూడుండ్రి.

వాళ్ళు చెప్పే మాటల సగం నిజం, సగం అబద్ధం. నిజం సగం ముందు చెప్త.

లోహాలు గుండెను దెబ్బతీస్తయనేది ఉత్త భయం కాదు. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీని మీద ప్రత్యేకంగ ఒక ప్రకటన ఇచ్చింది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, ఈ మూడూ కొద్దికొద్దిగ ఏండ్ల తరబడి ఒంట్లోకి పోయినా గుండెపోటు, పక్షవాతం, కాళ్ళ రక్తనాళాలు మూసుకపోవుడు పెరుగుతయని తేల్చింది. అదే ఏడు లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికల ప్రపంచ బ్యాంకు పరిశోధకుల లెక్క వచ్చింది: ఒక్క సీసం వల్లనే 2019ల ప్రపంచం మొత్తం మీద 55 లక్షల మంది గుండె, రక్తనాళాల జబ్బులతోని చచ్చిపోయి ఉంటరని. అది అంచనానే, తలలు లెక్కపెట్టింది కాదు. కానీ సగానికి సగం తగ్గించుకున్నా అది చిన్న సంఖ్యా?

లోపల ఏం జరుగుతది? మన రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొంచెం కొంచెం వదుల్తది. దానివల్లనే నాళం వదులై రక్తం సాఫీగ పారుతది. ఈ లోహాలు ఆ పనికి అడ్డం పడ్తయి. నాళం బిగుసుకపోతది, బీపీ పెరుగుతది, లోపల వాపు వచ్చి కొవ్వు పేరుకుంటది. సీసం ఒకసారి పోతే ఎముకల్ల దాక్కుంటది, పదుల ఏండ్లు ఉంటది. కాడ్మియం మూత్రపిండాలల్ల కూసుంటది, అదీ అంతే మొండిది. ఆర్సెనిక్ ఒక్కటే జర నయం: తాగుడు ఆపితే కొద్ది రోజులల్ల చాలా మటుకు మూత్రంల పోతది. ఈ తేడా గుర్తుంచుకోండ్రి, కింద పనికొస్తది.

ఇగ మన నేల సంగతి. 1970లల్ల పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా వచ్చింది. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజిపల్లి అన్నీ దాని ఎంబడే వచ్చినయి. మందుల కంపెనీలు, రసాయనాలు, రంగులు, లోహాల పని. నక్కవాగు వాటన్నిటి నీళ్ళు మోసుకొని మంజీరల కలిసింది. హైదరాబాదుల ఉన్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిని తీసుకపోయి పరీక్ష చేసి 2001లనే అచ్చేసిన్రు: క్రోమియం, నికెల్, సీసం, జింక్, ఆర్సెనిక్ ఉండాల్సిన దానికన్న ఎక్కువున్నయని. 2003ల ఇంకో అధ్యయనం ఆర్సెనిక్ ఎంబడి పడ్డది. ఆర్సెనిక్ కలిసిన పశువుల మందులు తయారుచేసే చోట పారబోసిన వ్యర్థం మట్టిలకు, అక్కడి నుంచి భూగర్భ జలాలకు, పంటకు ఎట్ల పోతున్నదో చూపించింది. 2009ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాల పెట్టింది. 1990ల సుప్రీంకోర్టుకు పోయిన కేసు అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. ఆ కేసు మొదలైన ఏడు పుట్టిన పిలగాళ్ళకు ఇప్పుడు పిల్లలున్నరు.

2004ల గ్రీన్‌పీస్ వాళ్ళు మన మెదక్ జిల్లా ఊర్లల్ల ఇంటింటికి తిరిగి ఆరోగ్య సర్వే చేసిన్రు. ఫ్యాక్టరీల పక్క ఊర్లను దూరంగ ఉన్న ఊర్లతోని పోల్చి, ఇక్కడ క్యాన్సర్లు, గుండె జబ్బులు సహా చాలా రోగాలు ఎక్కువున్నయని రాసిన్రు. పటాన్‌చెరుల డాక్టర్ కిషన్‌రావు గారు ఆస్పత్రి నడుపుకుంటనే ఏండ్ల తరబడి ఇదే మాట చెప్పిన్రు. 2007ల స్వీడన్ పరిశోధకులు మన ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. అది లోహం కాదు, యాంటీబయాటిక్. కానీ "శుద్ధి" అన్న మాటకు మన దిక్కు ఏం అర్థం ఉండెనో దాంతోని తెలుస్తది. ఆ తర్వాత పైపులైను ఏసి ఆ నీళ్ళను అంబర్‌పేట శుద్ధి కేంద్రం దిక్కు మళ్ళించిన్రు. వాగుల రంగు కొంత మారింది, ఒప్పుకుంట. కానీ లోహం అనేది కుళ్ళి మాయమయ్యే సరుకు కాదు. వాగు అడుగు బురదల, చేను మట్టిల పడ్డది పడ్డట్టే ఉంటది.

ఇది నిజం సగం. ఇగ అబద్ధం సగానికి వస్త.

యాంటీఆక్సిడెంట్ మాట ఎక్కడి నుంచి పుట్టింది? లోహం ఒంట్లోకి పోతే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు ఎక్కువైతయి, అవి కణాలను కాలుస్తయి. విటమిన్ సి, విటమిన్ ఇ ఆ మంటను ఆర్పుతయి. కాబట్టి బిళ్ళ మింగితే గుండె బాగుంటది. వినడానికి ఎంత సక్కగుంది! ఎలుకలకు కాడ్మియమో సీసమో పెట్టి, ఎంబడే విటమిన్లు పెడ్తే, రక్త పరీక్షలల్ల అంకెలు బాగుపడ్డట్టు చూపించిన ప్రయోగాలు బోలెడున్నయి. మన దేశంల కూడా చేసిన్రు. డబ్బాల మీద "శాస్త్రీయంగా నిరూపితం" అని రాసేది వీటిని చూసుకొనే. కానీ ఎలుకకు ఎక్కువ మోతాదు విషం, ఎక్కువ మోతాదు విటమిన్ ఒకటే వారంల పెడ్తరు. ఆ ఎలుకకు బీడీ అలవాటు లేదు, షుగర్ లేదు, నలభై ఏండ్లు ఒకటే బోరు నీళ్ళు తాగలే. దానికి గుండెపోటు వచ్చిందా లేదా అని ఎవ్వరూ చూడలే కూడా.

మనుషుల మీద చూసిన్రా? చూసిన్రు. వేల మంది మీద, ఏండ్లకేండ్లు. అక్కడనే కథ తలకిందులైంది.

హోప్ అని ఒక పెద్ద ట్రయల్. కెనడాల ఉండే మన కేరళ డాక్టరు సలీం యూసుఫ్ నడిపిండు, 2000ల ఫలితాలొచ్చినయి. గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న తొమ్మిదిన్నర వేల మందిని తీసుకొని, సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, సగం మందికి ఏమీ లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిన్రు. నాలుగున్నర ఏండ్లు చూసిన్రు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావు కలిపి లెక్కేస్తే విటమిన్ తిన్నోళ్ళల్ల 16.2 శాతం, ఉత్తుత్తి బిళ్ళ తిన్నోళ్ళల్ల 15.5 శాతం. అంటే లాభం సున్న. అదే ట్రయల్‌ల అవే మనుషులకు రామిప్రిల్ అనే మామూలు బీపీ మందు కూడా పరీక్షించిన్రు. అది తిన్నోళ్ళల్ల 14 శాతం, తిననోళ్ళల్ల 17.8 శాతం. చూసిన్రా? ఆ మందు మెడికల్ షాపుల చౌకగ దొరుకుతది, డబ్బా మీద బంగారు రంగు అక్షరాలు ఉండయి, ఎవ్వడూ ఇంటికొచ్చి అమ్మడు. ఆ జనాన్నే ఇంకొన్ని ఏండ్లు గమనిస్తే, విటమిన్ ఇ తిన్నోళ్ళల్ల గుండె బలహీనమై నీరు చేరే జబ్బు 13 శాతం ఎక్కువైందని 2005ల తేలింది.

ఇంకోటి చెప్త, ఇది మనలాంటోళ్ళ కథ. అమెరికాల కారెట్ అని ఒక ట్రయల్ చేసిన్రు. అందుల 18,314 మంది: సిగరెట్లు తాగేటోళ్ళు, ఆస్బెస్టాస్ దుమ్ముల పని చేసిన కార్మికులు. అంటే ఇప్పటికే విషం పీల్చినోళ్ళు. వీళ్ళకు బీటా కెరోటిన్, విటమిన్ ఎ ఇస్తే క్యాన్సర్ తగ్గుతదనుకున్నరు. 1996 జనవరిల ట్రయల్‌ను గడువుకన్న ముందే ఆపేయాల్సొచ్చింది. బిళ్ళలు తిన్నోళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువొచ్చింది, మొత్తం చావులు 17 శాతం ఎక్కువైనయి. ఫిన్లాండ్‌ల 29 వేల మంది పొగతాగే మగోళ్ళ మీద చేసిన దాంట్ల కూడా 1994ల ఇదే కథ బయటపడ్డది. ఇప్పుడు నా ప్రశ్న: పాశమైలారం ఫ్యాక్టరీల కాంట్రాక్టు లేబరుగ పనిచేసి, బ్రేకుల బీడీ తాగే తమ్మునికి, ఏమున్నదో కూడా చెప్పకుండ బీటా కెరోటిన్ ఉన్న స్ట్రిప్పు ఇచ్చేటోడు మేలు చేస్తున్నడా, కీడు చేస్తున్నడా? నా చేతిలకు వచ్చిన స్ట్రిప్పు ఎనక బీటా కెరోటిన్ అని రాసి ఉంది. "మీరు పొగ తాగుతరా" అని క్యాంపుల ఒక్కరినీ అడగలే.

ఇక్కడ డబ్బా అమ్మేటోడు ఊకోడు. జర సదువుకున్నోడైతే "టాక్ట్" అంటడు. సరే, దాని సంగతి కూడా చూద్దం. గుండెపోటు వచ్చి బయటపడ్డ 1,708 మందిని తీసుకొని, అందుల దాదాపు సగం మందికి ఈడీటీఏ అనే మందును సెలైన్‌ల పెట్టి ఎక్కించిన్రు, 40 సార్లు. ఈ మందు లోహాలను పట్టుకొని మూత్రంల బయటికి గుంజుకపోతది. వాళ్ళల్ల కొందరికి రోజుకు ఆరు పెద్ద విటమిన్ బిళ్ళలు కూడా ఇచ్చిన్రు, 28 రకాల పోషకాలతోని. 2013ల ఫలితమొచ్చింది. సెలైన్ ఎక్కించుకున్నోళ్ళకు కొంచెం మేలు కనబడ్డది. విటమిన్ బిళ్ళలతోని వచ్చిన తేడా ఎంత చిన్నదంటే, ఉత్తగ కాకతాళీయం కావొచ్చన్నరు. పైగా బిళ్ళలు ఇచ్చినోళ్ళల్ల దగ్గర దగ్గర సగం మంది మధ్యలనే మానేసిన్రు. ఆ కొంచెం మేలన్న నిలుస్తదేమో చూద్దమని షుగర్, గుండెపోటు రెండూ ఉన్న వెయ్యి మంది మీద మళ్ళా చేసిన్రు. 2024ల వచ్చిన జవాబు: రక్తంల సీసం 61 శాతం తగ్గింది, గుండె జబ్బులు మాత్రం తగ్గలే. 35.6 శాతం ఒక దిక్కు, 35.7 శాతం ఇంకో దిక్కు.

న్యాయంగ మాట్లాడాలె కాబట్టి చెప్తున్న. ఆ వెయ్యి మంది రక్తంల సీసం మొదటనే తక్కువ. ఎక్కువ సీసం ఎక్కినోనికి పెద్దాస్పత్రిల డాక్టర్ల ముందట లోహం గుంజే మందు ఇచ్చుడు అసలైన వైద్యమే, దాన్ని నేను కాదంటలేను. నేనంటున్నది వేరే. లోహాన్ని సూదితోని గుంజి తీసినా ఆ రోగుల గుండెకు మేలు కనబడలే. లోహాన్ని ముట్టుకోని విటమిన్ బిళ్ళ ఏం చేస్తది? ఇగ "డీటాక్స్ సెలైన్" అని ప్రైవేటుల ఎక్కించేటోళ్ళున్నరు, అటు దిక్కు పోకుండ్రి.

మరి గుండెను కాపాడింది ఏదన్న ఉన్నదా? ఉన్నది. జర దూరం పోవాలె దానికోసం, చిలీ దేశం దాక.

చిలీ ఉత్తరాన ఆంటోఫగాస్టా అని ఒక ఊరు. ఎడారి. 1958ల ఊరికి కొత్త నది నీళ్ళు తెచ్చిన్రు. ఆ నీళ్ళల్ల లీటరుకు 860 మైక్రోగ్రాముల దాక ఆర్సెనిక్ ఉండె. మన బీఐఎస్ పెట్టిన హద్దు 10. పన్నెండేండ్లు జనం అవే తాగిన్రు. ఆ ఏండ్లల్ల అక్కడ గుండెపోటు చావులు పెరిగినయి, నలభై దాటని మగోళ్ళు కూడా పోయిన్రు. 1970ల నీళ్ళ నుంచి ఆర్సెనిక్ తీసేసే ప్లాంటు పెట్టిన్రు. అంతే, ఆ తర్వాత ఏండ్లల్ల గుండెపోటు చావులు దిగినయి. 1950 నుంచి 2000 దాక చావుల రికార్డులన్నీ తిరగేసి 2007ల పరిశోధకులు ఈ లెక్క బయటపెట్టిన్రు. క్యాన్సర్లు మాత్రం చాలా ఏండ్ల తర్వాత కూడా వస్తనే ఉన్నయి, అది వేరే దుఃఖం. కానీ గుండె తేరుకున్నది. ఏ బిళ్ళతోని? నల్లా దగ్గర పెట్టిన ప్లాంటుతోని. పైన గుర్తుంచుకోమన్న కదా, ఆర్సెనిక్ తాగుడు ఆపితే ఒంట్లకెళ్ళి పోతదని. అదే ఇది.

అమెరికాల కూడా అంతే. పెట్రోలుల సీసం తీసేసిన్రు, పొగాకు వాడకం తగ్గించిన్రు. 1988 నుంచి 2004 నడుమ అక్కడ తగ్గిన గుండె చావులల్ల దాదాపు మూడో వంతుకు సీసం, కాడ్మియం తగ్గుడుతోని సంబంధం ఉందని 2017ల ఒక లెక్క తీసిన్రు. మన దేశంల పెట్రోలుల సీసం 2000 ఫిబ్రవరిల పోయింది. మనం ఎవ్వరం ఏ బిళ్ళా మింగకుండనే మన పిలగాళ్ళ రక్తంల సీసం తగ్గింది. గవర్నమెంటు ఒక్క ఆర్డరుతోని.

"అయితే మంచి తిండి తినుడు కూడా దండగనా?" అని అడుగుతరు. కాదు. తిండికి, డబ్బాకు తేడా ఉంది. ఒంట్ల ఇనుము తక్కువుంటే పేగులు కాడ్మియంను, సీసంను ఎక్కువ గుంజుకుంటయి, రక్తహీనత ఉన్న మన ఆడోళ్ళకు ఇది పెద్ద ముచ్చట. కాల్షియం చాలినంత ఉంటే సీసం తక్కువ ఎక్కుతది. బంగ్లాదేశ్‌ల ఫోలేట్ తక్కువున్నోళ్ళకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ 12 వారాలిస్తే రక్తంల ఆర్సెనిక్ 14 శాతం దాక తగ్గింది. ఫోలిక్ యాసిడ్ యాంటీఆక్సిడెంట్ డబ్బా కాదు, సర్కారు దవాఖానల ఉత్తగ ఇచ్చే ఇనుము బిళ్ళలనే ఉంటది. ఉసిరికాయ, నిమ్మకాయ, మన సంగారెడ్డి జామపండు, పప్పు, రాగులు, పాలు తినుండ్రి, తాగుండ్రి. ఆకుకూర కూడా. కానీ ఇక్కడ నా నోరు ఆగుతది. ఏ నీళ్ళతోని పండిన ఆకుకూర? పాలకూర మట్టిలకెళ్ళి కాడ్మియంను బాగ గుంజుతది. నిలువ నీళ్ళల్ల వరి ఆర్సెనిక్‌ను గుంజుతది. వాగు పక్కన మడి కట్టి, ఆ గడ్డే బర్రెకు ఏసేటోళ్ళం మనం. క్యాంపుల డాక్టరమ్మ "ఆకుకూరలు బాగ తినాలె" అంటే మా పక్కింటి పెద్దమ్మ "యాడివి తినాలె బిడ్డా?" అని అడిగింది. ఆమెకు జవాబు దొరకలే. మెత్తగ నవ్వి స్ట్రిప్పు చేతిల పెట్టింది.

నా కోపం అంతా ఆ నవ్వు మీద, ఆ డాక్టరమ్మ మీద కాదు. బిళ్ళ ఇచ్చుడు అంటే బాధ్యతను మన నోట్లెకు తోసుడు. నీకు గుండెపోటు వస్తే "నువ్వు విటమిన్లు సక్కగ వాడలే" అంటరు. కంపెనీ రిపోర్టుల "ఇన్ని గ్రామాలల్ల ఇంతమందికి ఆరోగ్య సేవ" అని రాసుకుంటరు. బోరు ఎవ్వడూ పరీక్షించడు, రక్తంల సీసం ఎవ్వడూ చూడడు. ఎందుకంటే అంకె కాయితం మీదికొస్తే దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలె. విటమిన్‌కు జవాబుదారి ఉండడు. మరో మాట కూడా ఉంది: డబ్బాకు పెట్టే పైసలతోని బీపీ మందు నెలల తరబడి కొనుక్కోవచ్చు. డబ్బా వాడుతున్నమనే ధీమాతోని బీపీ బిళ్ళ మానేసినోళ్ళను నేను చూసిన.

మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నయి కదా అంటరు. వస్తున్నయి, మంచిదే, తాగడానికి వంటకు అవే వాడుండ్రి. రాని రోజు బోరు నీళ్ళు కాగబెట్టి తాగితే పోతదనుకునేరు. కాగబెడ్తే క్రిములు చస్తయి, లోహం చావదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడ్తది. ఓఆర్‌ఆర్ వచ్చినంక మన పొలాలల్ల లేచిన అపార్టుమెంట్లోళ్ళు కూడా ఇది సదువుండ్రి. మీ ట్యాంకర్ నీళ్ళు యాడ తోడుతున్నరో ఒక్కసారి అడుగుండ్రి. ఈ సంగతిల మనం, మీరు అని లేదు.

వచ్చే క్యాంపుకు పోకుండ్రి అని నేననను. పోండ్రి, బీపీ, షుగర్ చూపించుకోండ్రి, అది పనికొచ్చే పని. బీపీ ఉంటే మందు మానకుండ్రి, బీడీ మానుండ్రి, పొగాకుల కాడ్మియం వేరే ఉంటది. స్ట్రిప్పు ఇస్తే మర్యాదగ తిరిగిచ్చి అడుగుండ్రి: మా బోరు నీళ్ళల్ల ఆర్సెనిక్, సీసం, కాడ్మియం ఎంతున్నయి? బీఐఎస్ హద్దు లీటరుకు ఆర్సెనిక్ 0.01, సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు. మీ రిపోర్టు ఏది? ఫ్యాక్టరీల పనిచేసే మా పిలగాళ్ళ రక్తంల సీసం ఎప్పుడు చూస్తరు? రిపోర్టు మా చేతికిస్తరా, మీ ఫైలుల పెట్టుకుంటరా?

నేను మన దిక్కు బోర్ల లిస్టు రాస్తున్న. మీ బోరు ఎంత లోతు, వాగుకు ఎంత దూరం, నీళ్ళు ఎప్పుడన్న ల్యాబుకు పంపిన్రా, పంపితే రిపోర్టు ఫొటో, ఇవి నాకు పంపుండ్రి. రిపోర్టు లేనోళ్ళు లేదని రాయుండ్రి, లేదనేది కూడా లెక్కనే. వానలు మొదలుకాకముందు ఒకసారి, ఆగినంక ఒకసారి, రెండు సార్లు నమూనాలు తీయాలె. లిస్టు ఒక కొలిక్కి వచ్చినంక అందరం సంతకాలు పెట్టి, సంగారెడ్డి కలెక్టరాఫీసుల, పొల్యూషన్ బోర్డుల ఇద్దం. ఆ రోజు రావాలె, ఆదివారం అయితే ఆఫీసు ఉండదు కాబట్టి సోమవారం ప్రజావాణికి పోదాం.